బిజినెస్ స్కూల్లో పీహెచ్‌డీ: బిడ్డ చదువుతో పాటు మనసునూ చూసుకోవాలి

సూళ్లూరుపేట అంటే అందరికీ ముందు గుర్తొచ్చేది శ్రీహరికోట రాకెట్లే. ఆ తర్వాత పులికాట్ సరస్సు, నేలపట్టు పక్షులు, చెన్నై వెళ్లే లోకల్ రైళ్లు. గత కొన్నేళ్లలో ఈ ప్రాంతానికి ఇంకో గుర్తింపు కూడా వచ్చింది. తడ పక్కన శ్రీసిటీలో క్రియా యూనివర్సిటీ ఉంది. 1970లో చెన్నైలో మొదలైన ఐఎఫ్‌ఎంఆర్ సంస్థ ఇప్పుడు ఆ యూనివర్సిటీలో బిజినెస్ స్కూలుగా నడుస్తోంది. అక్కడ ఎంబీఏతో పాటు పీహెచ్‌డీ కూడా చదవొచ్చు. తిరుపతిలో శ్రీవేంకటేశ్వర, పద్మావతి మహిళా యూనివర్సిటీలు ఉన్నాయి. నెల్లూరులో విక్రమ సింహపురి ఉంది. కాస్త దూరం వెళ్తే విశాఖలో ఐఐఎం, హైదరాబాద్‌లో ఐఎస్‌బీ, సెంట్రల్ యూనివర్సిటీ, మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీ ఉన్నాయి. నెల్లూరు తీరంలో పుట్టిన పిల్లలకు మేనేజ్‌మెంట్‌లో డాక్టరేట్ ఇప్పుడు అందని చదువేం కాదు.

సీటు దొరికిన రోజు ఇంట్లో మిఠాయిలు పంచుతారు. పేరు ముందు 'డాక్టర్' అని చేరుతుందని బంధువులందరికీ ఫోన్లు వెళ్తాయి. రెండు, మూడేళ్లు గడిచేసరికి అదే ఇంట్లో ప్రశ్న మారిపోతుంది. ఇంకా ఎన్నాళ్లు? నీతో ఎంబీఏ చేసినవాడు కారు కొన్నాడు, నీకు జీతం ఎప్పుడు? చెల్లెలి నికా ముందుంది, తెలుసా? ఈ ప్రశ్నల్లో చెడు ఉద్దేశం ఏమీ లేదు. కానీ అవతల ఉన్న బిడ్డ దగ్గర జవాబు ఉండదు. మెల్లగా ఫోన్లు తగ్గుతాయి. పండక్కి రావడం తగ్గుతుంది. 'పని ఉంది అమ్మీ' అన్న ఒక్క మాటతో సంభాషణ అయిపోతుంది. ఆ మాట వెనక నిజంగా పని ఉందా, లేక చెప్పుకోలేని బాధ ఉందా అన్నది ఇప్పుడు ఇళ్లలోనూ యూనివర్సిటీల్లోనూ పట్టించుకోవాల్సిన విషయం.

ఎంబీఏ వేరు, పీహెచ్‌డీ వేరు

ఎంబీఏకు సిలబస్ ఉంటుంది, పరీక్ష తేదీ ఉంటుంది, రెండేళ్లకు ప్లేస్‌మెంట్ ఉంటుంది. పీహెచ్‌డీ అలా కాదు. మొదట కోర్సువర్క్ చేయాలి. బిజినెస్ స్కూళ్లలో ఇందులో గణాంకాలు, ఎకనామెట్రిక్స్ గట్టిగానే ఉంటాయి. బీకాం, ఎంబీఏ చేసి వచ్చిన పిల్లలకు అక్కడే మొదటి దెబ్బ తగులుతుంది. తర్వాత సమగ్ర పరీక్ష, పరిశోధన ప్రతిపాదన, డేటా సేకరణ. అన్నీ అయ్యాక థీసిస్. పెద్ద జర్నల్‌కు వ్యాసం పంపితే సమీక్షకుల జవాబు రావడానికే నెలలు పడుతుంది. వచ్చిన జవాబు చాలాసార్లు తిరస్కరణే. స్కూలు నుంచి ఎప్పుడూ ఫస్ట్ వచ్చిన పిల్లవాడికి వరసగా 'కాదు' అని వినడం అలవాటు ఉండదు. తిరస్కరించింది తన వ్యాసాన్ని కాదు, తన తెలివినే అనుకుంటాడు.

బిజినెస్ స్కూల్లో ఇంకో ఇబ్బంది కూడా ఉంది. అదే బిల్డింగులో పక్క క్లాసులో ఎంబీఏ విద్యార్థులు ఉంటారు. వాళ్ల చుట్టూ కంపెనీలు, సూట్లు, లక్షల ప్యాకేజీల మాటలు. వాళ్లకంటే ఎక్కువ చదువుతున్న స్కాలరు మాత్రం నెలనెలా వచ్చే ఫెలోషిప్ మీద బతుకుతాడు. ఒక బ్యాచ్‌లో పీహెచ్‌డీ వాళ్లు నలుగురైదుగురు ఉంటే ఎక్కువ. ఒక్కొక్కరిది ఒక్కో టాపిక్. ఒకరి పని ఇంకొకరికి అర్థం కాదు. క్యాంపస్ నిండా మనుషులున్నా ఒంటరితనం వదలదు.

పార్ట్‌టైమ్ స్కాలర్ల సంగతి ఇంకా కష్టం. నెల్లూరు, తిరుపతి జిల్లాల్లో ఎంబీఏ కాలేజీల లెక్చరర్లు చాలామంది ఉద్యోగం చేస్తూనే పీహెచ్‌డీ చేస్తారు. పగలంతా పాఠాలు, పరీక్షల పని, తనిఖీల ఫైళ్లు. వేసవి వస్తే కొన్ని ప్రైవేటు కాలేజీల్లో అడ్మిషన్ల కోసం ఊళ్లు తిరగాల్సి ఉంటుంది. పరిశోధనకు మిగిలేది రాత్రి పది తర్వాతే. ఇలా ఏళ్ల తరబడి సాగితే నిద్ర పోతుంది, ఆరోగ్యం పోతుంది, ఇంట్లో మాట పట్టింపులు మొదలవుతాయి.

లెక్కలు ఏం చెబుతున్నాయి

పీహెచ్‌డీ స్కాలర్ల మనసు గురించి ప్రపంచంలో గట్టి అధ్యయనాలే జరిగాయి. బెల్జియంలోని ఫ్లాండర్స్ ప్రాంతంలో 3,659 మంది పీహెచ్‌డీ విద్యార్థులను పరిశీలించి 2017లో ఒక అధ్యయనం ప్రచురించారు. దాని ప్రకారం 32 శాతం మందికి, అంటే ముగ్గురిలో ఒకరికి, మానసిక సమస్య ఉండే లేదా వచ్చే ప్రమాదం ఉంది. అంతే చదువుకుని ఉద్యోగాలు చేస్తున్నవాళ్ల కంటే ఇది ఎక్కువ. 2019లో నేచర్ పత్రిక 6,000 మందికి పైగా పీహెచ్‌డీ విద్యార్థులను అడిగింది. చదువు వల్ల వచ్చిన ఆందోళనకో, డిప్రెషన్‌కో సాయం కోరామని 36 శాతం మంది చెప్పారు.

బిజినెస్ స్కూళ్లకు బాగా దగ్గరగా ఉన్న సబ్జెక్టు అర్థశాస్త్రం. అమెరికాలో 8 పేరున్న ఎకనామిక్స్ విభాగాల పీహెచ్‌డీ విద్యార్థుల మీద 2018లో ఒక అధ్యయనం వచ్చింది. అందులో 18 శాతం మందిలో డిప్రెషన్, ఆందోళన లక్షణాలు మధ్యస్థంగానో తీవ్రంగానో కనిపించాయి. గత రెండు వారాల్లో బతకొద్దన్న ఆలోచన వచ్చిందని 11 శాతం మంది చెప్పారు. ఇంకో అంకె ఇంకా ఆలోచింపజేస్తుంది. తమ పని ఎప్పుడూ, లేదా చాలాసార్లు ఉపయోగపడుతోందని అనిపిస్తుందన్న విద్యార్థులు 26 శాతమే. అదే ప్రొఫెసర్లలో ఆ మాట అన్నవాళ్లు 70 శాతం.

ఇవన్నీ బయటి దేశాల లెక్కలు. ఇక్కడి పరిస్థితి అచ్చం అలాగే ఉంటుందని అనలేం. కానీ ఇక్కడ వైద్యం ఎంత దూరంలో ఉందో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చెప్పింది. 2015-16లో జరిగిన ఆ సర్వే ప్రకారం దేశంలో మానసిక సమస్యలున్న వారిలో 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. సమస్యను బట్టి ఆ అంకె మారుతుంది. బాధ ఉన్నవాళ్లు ఉన్నారు, డాక్టరు దగ్గరికి చేరేవాళ్లు తక్కువ.

ఫ్లాండర్స్ అధ్యయనం కారణాలను కూడా వెతికింది. ఇంటికీ పనికీ మధ్య నలిగిపోవడం, పని ఒత్తిడి, పని మీద తనకంటూ పట్టు లేకపోవడం, గైడు నడిపించే తీరు ముందు వరసలో ఉన్నాయి. యూనివర్సిటీ ఉద్యోగం రాకపోయినా బయట మంచి దారి ఉందని నమ్మిన వాళ్ల మనసు కాస్త కుదురుగా ఉంది. వీటిలో ఏదీ 'మనోధైర్యం లేకపోవడం' కాదు. అన్నీ మార్చగలిగిన పరిస్థితులే.

ఫెలోషిప్ ఆగితే ఇల్లు ఎలా నడవాలి

ముస్లిం కుటుంబాలకు ఈ విషయంలో ఇంకో బరువు ఉంది. మైనారిటీ స్కాలర్ల కోసం 2009లో మొదలైన మౌలానా ఆజాద్ నేషనల్ ఫెలోషిప్‌ను కేంద్రం 2022-23 నుంచి ఆపేసింది. ఈ సంగతిని అప్పటి మంత్రి స్మృతి ఇరానీ 2022 డిసెంబరులో లోక్‌సభలో చెప్పారు. ఇతర ఫెలోషిప్‌లు మైనారిటీలకూ అందుతున్నాయి కాబట్టి ఇది వాటితో కలిసిపోతోందన్నది ప్రభుత్వ వాదన. అప్పటికే తీసుకుంటున్న వాళ్లకు గడువు వరకు ఇస్తామన్నారు. కానీ ఆ తర్వాత డబ్బు నెలల తరబడి ఆలస్యం అవుతోందని స్కాలర్లు పదే పదే గొంతెత్తారు.

ఈ నిర్ణయం ఎవరి మీద పడిందో చూడాలి. అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం 2020-21లో దేశంలో కాలేజీలు, యూనివర్సిటీల్లో చదివే ముస్లిం విద్యార్థులు 19.21 లక్షలు. అంతకు ముందు ఏడాది ఆ సంఖ్య 21 లక్షలు. మొత్తం విద్యార్థుల్లో వాళ్ల వాటా 5 శాతం లోపే. 2011 జనాభా లెక్కల్లో ముస్లింలు 14.2 శాతం ఉన్నారు. డిగ్రీ స్థాయిలోనే ఇంత తక్కువగా ఉన్నప్పుడు పీహెచ్‌డీ దాకా చేరేవాళ్లు ఎంతమంది ఉంటారో ఊహించుకోవచ్చు. వడ్డీ లోను వద్దనుకునే కుటుంబాలకు ఫెలోషిప్ తప్ప ఇంకో దారి ఉండదు. అది ఆగితే కొందరు ట్యూషన్లు చెబుతారు, కొందరు పార్ట్‌టైమ్ ఉద్యోగం వెతుక్కుంటారు, కొందరు చదువే మానేస్తారు. ఇంట్లో మాత్రం డబ్బు వస్తోందనే చెబుతారు. ఆ అబద్ధం మోయడమే పెద్ద బరువు.

నెట్‌లో జేఆర్‌ఎఫ్ వచ్చినవాళ్లకు 2023 జనవరి నుంచి నెలకు 37,000, తర్వాతి దశలో 42,000 రూపాయలు ఇస్తున్నారు. సెంట్రల్ యూనివర్సిటీల్లో నెట్ ఫెలోషిప్ లేని పీహెచ్‌డీ స్కాలరుకు వచ్చేది 8,000 మాత్రమే. ఒకే ల్యాబులో, ఒకే గైడు కింద పనిచేసే ఇద్దరి మధ్య ఇంత తేడా. రాష్ట్ర యూనివర్సిటీల్లో చాలామందికి అదీ ఉండదు. సూళ్లూరుపేట నుంచి వెళ్లి హైదరాబాద్‌లో గది అద్దెకు తీసుకున్న విద్యార్థికి ఎనిమిది వేలు ఏ మూలకు? ముస్లిం పేరు చెప్పగానే 'గది ఖాళీ లేదు' అనే ఇంటి ఓనర్లు ఎదురైతే ఆ వెతుకులాట ఇంకా పెరుగుతుంది.

ఇంకా తెరిచి ఉన్న తలుపులు కొన్ని ఉన్నాయి. వాటి గురించి చాలా ఇళ్లలో తెలియదు. సాంఘిక శాస్త్రాల పరిశోధనా మండలి, అంటే ఐసీఎస్‌ఎస్‌ఆర్, ఇచ్చే డాక్టోరల్ ఫెలోషిప్‌లకు మేనేజ్‌మెంట్, కామర్స్ వాళ్లు కూడా దరఖాస్తు చేసుకోవచ్చు. తల్లిదండ్రులకు ఒక్కతే సంతానమైన అమ్మాయికి సావిత్రీబాయి జోతిరావ్ ఫూలే పేరుతో యూజీసీ ఫెలోషిప్ ఉంది. కేంద్ర ఓబీసీ జాబితాలో ఉన్న కులాల వాళ్లకు నేషనల్ ఓబీసీ ఫెలోషిప్ ఉంది. దూదేకుల, నూర్‌బాషా కుటుంబాల పిల్లలు దీన్ని తప్పకుండా చూడాలి. దానికి కేంద్రం నమూనాలో నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కావాలి. దరఖాస్తు గడువు రోజున మీసేవ చుట్టూ తిరిగితే పని కాదు, ముందే తీసి పెట్టుకోవాలి.

గైడు మంచివాడైతే సగం బరువు దిగినట్టే

పీహెచ్‌డీలో గైడు చేతిలో ఉన్నంత అధికారం ఇంకే చదువులోనూ ఒక్క మనిషి చేతిలో ఉండదు. అధ్యాయం ఎప్పుడు చదవాలి, థీసిస్ ఎప్పుడు ఇవ్వాలి, ఉద్యోగానికి సిఫార్సు లేఖ రాయాలా వద్దా, అన్నీ ఆయనే. గైడు మంచి మనిషి అయితే కష్టమైన టాపిక్ కూడా గట్టెక్కుతుంది. కాకపోతే సులువైన టాపిక్ కూడా ఏళ్లు పడుతుంది.

మంచి గైడు ఎలా ఉంటాడో సూళ్లూరుపేట వాళ్లకు దూరం వెళ్లి చూపించక్కర్లేదు. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి ఎస్‌ఎల్‌వీ-3 మొదటి ప్రయోగం జరిగింది. ప్రాజెక్టు డైరెక్టర్ ఏపీజే అబ్దుల్ కలాం. రాకెట్ సముద్రంలో పడిపోయింది. అప్పుడు ఇస్రో చైర్మన్ సతీశ్ ధావన్ విలేకరుల ముందుకు తానే వెళ్లి బాధ్యత తన మీద వేసుకున్నారు. ఏడాది లోపే, 1980 జులై 18న, అదే రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఆ రోజు విలేకరులతో మాట్లాడమని కలాంనే పంపారు. ఈ సంగతిని కలాం తర్వాత ఎన్నో సభల్లో చెప్పుకున్నారు. ఓటమి వచ్చినప్పుడు పెద్దవాడు ముందు నిలబడ్డాడు, గెలుపు వచ్చినప్పుడు చిన్నవాణ్ణి ముందుకు నెట్టాడు. జర్నల్ తిరస్కరించిన వ్యాసం చేతిలో పట్టుకుని వచ్చిన స్కాలరుకు గైడు నుంచి కావాల్సింది అదే.

అందరు గైడ్లూ ధావన్ కాలేరు. అందుకే నియమాలు కావాలి. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం ఒక ప్రొఫెసర్ దగ్గర ఒకేసారి 8 మంది, అసోసియేట్ ప్రొఫెసర్ దగ్గర 6 మంది, అసిస్టెంట్ ప్రొఫెసర్ దగ్గర 4 మందికి మించి పీహెచ్‌డీ స్కాలర్లు ఉండకూడదు. ప్రతి స్కాలరుకూ ఒక పరిశోధన సలహా కమిటీ ఉండాలి. ప్రతి సెమిస్టరూ స్కాలరు ఆ కమిటీ ముందు తన పని వివరించాలి. కాగితం మీద ఇది పర్యవేక్షణ. నిజాయితీగా నడిపితే ఇదే రక్షణ కూడా. గైడు నెలల తరబడి అధ్యాయం చదవకపోతే ఆ సంగతి చెప్పుకోవడానికి ఇది చోటు. అక్కడ పని జరగకపోతే 2023 యూజీసీ నిబంధనల కింద ప్రతి సంస్థలో విద్యార్థుల ఫిర్యాదుల కమిటీ, దాని పైన అంబుడ్స్‌పర్సన్ ఉండాలి. థీసిస్ ఇచ్చే ముందు జర్నల్‌లో వ్యాసం తప్పనిసరి అన్న షరతును కూడా 2022 నిబంధనల్లో తీసేశారు. కొన్ని సంస్థలు సొంతంగా ఆ షరతు పెట్టుకుంటాయి. చేరే ముందే అడిగి తెలుసుకోవాలి.

ఆడపిల్ల పరిశోధన, పెళ్లి మాటలు

పీహెచ్‌డీ చేసే వయసూ పెళ్లి వయసూ ఒకటే. ముస్లిం ఇళ్లలోనే కాదు, తెలుగు ఇళ్లన్నింట్లో ఇదే కథ. సంబంధం చూసేవాళ్లు 'అంత చదువుకున్న అమ్మాయికి అబ్బాయిని ఎక్కడ తేవాలి' అంటారు. పెళ్లయితే అత్తగారి ఊరు వేరు, యూనివర్సిటీ వేరు. ఆ తర్వాత కాన్పు. మధ్యలో థీసిస్ అటకెక్కుతుంది. అది అక్కడ మూలుగుతున్నంత కాలం ఆ అమ్మాయి మనసులో ఏదో ఒకటి మూలుగుతూనే ఉంటుంది.

నిబంధనలు ఆమె వైపే ఉన్నాయన్న సంగతి చాలామందికి తెలియదు. పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. రీ-రిజిస్ట్రేషన్‌తో ఇంకో రెండేళ్లు దొరుకుతాయి. మహిళలకు దాని మీద మరో రెండేళ్ల సడలింపు ఉంది, అంటే మొత్తం పదేళ్ల దాకా. కాన్పు, పిల్లల సంరక్షణ కోసం 240 రోజుల వరకు సెలవు తీసుకోవచ్చు. పెళ్లి వల్లో మరో కారణం వల్లో ఊరు మారితే అప్పటి వరకు చేసిన పరిశోధన డేటాను కొత్త యూనివర్సిటీకి తీసుకెళ్లే వీలు కూడా ఉంది. నిబంధనల్లోని షరతులకు లోబడి, పాత గైడుకు ఇవ్వాల్సిన గుర్తింపు ఇస్తే సరిపోతుంది. నికా మాట్లాడుకునేటప్పుడు మహర్ గురించి, వలీమా గురించి మాట్లాడతారు. థీసిస్ ఎక్కడ, ఎప్పుడు పూర్తి చేస్తుందన్నది కూడా ఆ రోజే మాట్లాడుకుంటే చాలా కన్నీళ్లు తప్పుతాయి.

సబర్ చేయమంటే సరిపోతుందా?

బిడ్డ దిగులుగా ఉన్నాడని తెలిసినప్పుడు చాలా ఇళ్లలో వచ్చే మొదటి మాట 'సబర్ చెయ్యి'. రెండోది 'నమాజ్ సరిగా చదువుతున్నావా?' మూడోది 'ఎవరి నజరో తగిలింది'. నమాజ్, దువా మనిషికి ఇచ్చే ఊరట చిన్నది కాదు. దాన్ని ఎవరూ తక్కువ చేయక్కర్లేదు. కానీ దిగులును ఈమాన్ తక్కువైనట్టుగా చూస్తే, బాధలో ఉన్నవాడికి బాధతో పాటు సిగ్గు కూడా అంటుకుంటుంది. ఇక నోరు విప్పడు.

ఇస్లామీ సంప్రదాయంలో దుఃఖం నేరం కాదు. హజ్రత్ ఖదీజా, అబూ తాలిబ్ పోయిన ఏడాదిని సీరత్ గ్రంథాలు దుఃఖ సంవత్సరమనే పిలుస్తాయి. ప్రతి రోగానికీ మందు ఉందన్నదీ, ఒంటెను కట్టేసి ఆ తర్వాత అల్లాహ్ మీద భారం వేయాలన్నదీ ప్రతి మస్జిదులో వినిపించే బోధనలే. తొమ్మిది, పదో శతాబ్దాల మధ్య జీవించిన అబూ జైద్ అల్ బల్ఖీ శరీర ఆరోగ్యం, మనసు ఆరోగ్యం రెండింటినీ కలిపి ఒకే గ్రంథం రాశాడు. దిగులు, భయం, కోపం, పదేపదే వచ్చే ఆలోచనలను విడివిడిగా వివరించాడు. 1284లో కైరోలో కట్టిన మన్సూరీ ఆస్పత్రిలో మానసిక రోగులకు కూడా చోటు ఉండేది. మనసుకు వైద్యం అన్నది పడమటి నుంచి నిన్నమొన్న వచ్చిన మాట కాదు.

దర్గాల విషయంలో కూడా ఇదే చూపు అవసరం. నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర మొహర్రంలో జరిగే రొట్టెల పండుగకు మతంతో పని లేకుండా లక్షల మంది వస్తారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, ఆరోగ్యం రొట్టె పట్టుకుంటారు. ఆ నమ్మకం మనిషికి బలం. కానీ నమ్మకం వైద్యాన్ని అడ్డుకుంటే ఏమవుతుందో 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో దేశం చూసింది. గొలుసులతో కట్టేసి ఉంచిన 28 మంది మానసిక రోగులు మంటల్లో ప్రాణాలు కోల్పోయారు. దర్గా దగ్గర నడిచే ప్రైవేటు షెడ్డులో అది జరిగింది. ఇప్పుడు 2017 మానసిక ఆరోగ్య చట్టం గొలుసులు వేయడాన్ని నిషేధించింది. దీనికి మంచి ఉదాహరణ గుజరాత్‌లోని ఉనావా. అక్కడి మీరా దాతార్ దర్గా దగ్గర 'దవా–దువా' పేరుతో ముజావర్లు, డాక్టర్లు కలిసి పనిచేసే ఏర్పాటు నడిచింది. దువా చేసినవాళ్లే మందు వేసుకోమని కూడా చెబుతారు. ఇమాములు జుమా బయాన్‌లో ఏడాదికి రెండు సార్లు ఈ మాట ఎత్తినా చాలా ఇళ్లలో తలుపు తెరుచుకుంటుంది.

సుప్రీంకోర్టు చెప్పింది, కాలేజీలు చేయాల్సింది

ఈ విషయంలో దేశమంతటికీ వర్తించే తీర్పు ఆంధ్రప్రదేశ్ కేసు నుంచే వచ్చింది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని 2023లో చనిపోయింది. ఆమె తండ్రి న్యాయం కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 2025 జులై 25న జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతా ధర్మాసనం దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. దాంతో పాటు విద్యాసంస్థలన్నింటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. చట్టం వచ్చేదాకా ఇవే అమల్లో ఉంటాయి.

వాటి ప్రకారం 100 మంది, అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న సంస్థలో కనీసం ఒక అర్హత ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఉండాలి. అంతకంటే చిన్న సంస్థలు బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో, తరగతుల్లో కనిపించేలా పెట్టాలి. సిబ్బందికి ఏడాదికి కనీసం రెండు సార్లు శిక్షణ ఇవ్వాలి. తల్లిదండ్రులకు కూడా అవగాహన కార్యక్రమాలు పెట్టాలి. అంతకు ముందే, 2025 మార్చి 24న, ఉన్నత విద్యాసంస్థల్లో విద్యార్థుల ఆత్మహత్యలపై రిటైర్డ్ జస్టిస్ రవీంద్ర భట్ అధ్యక్షతన సుప్రీంకోర్టు జాతీయ టాస్క్‌ఫోర్స్‌ను వేసింది.

తీర్పు బాగుంది. కానీ పీహెచ్‌డీ స్కాలర్ల విషయంలో ఒక చిక్కు ఉంది. ఈ ఏర్పాట్లన్నీ ఎక్కువగా డిగ్రీ, ఎంబీఏ పిల్లలను దృష్టిలో పెట్టుకుని నడుస్తాయి. కౌన్సెలరు ఓరియెంటేషన్ రోజున వాళ్లతోనే మాట్లాడతారు. స్కాలరు సగం విద్యార్థి, సగం ఉద్యోగి. కింది తరగతులకు పాఠం కూడా చెబుతాడు. తన శిష్యుడే బయట కూర్చున్న కౌన్సెలింగ్ గదికి వెళ్లడానికి సంకోచిస్తాడు. లోపల చెప్పింది గైడు చెవిన పడుతుందేమోనని భయపడతాడు. అందుకే స్కాలర్లకు విడిగా సమయం, రహస్యంగా ఉంటుందన్న రాతపూర్వక హామీ, అవసరమైతే క్యాంపస్ బయట నిపుణుడి దగ్గరికి వెళ్లే వీలు ఉండాలి. ఒక్క గైడు మీదే ఆధారపడకుండా రెండో మార్గదర్శిని మొదటి ఏడాదే కేటాయించాలి. ఫెలోషిప్ ప్రతి నెలా ఒకే తేదీన పడాలి. కౌన్సెలరు మాటల కంటే సమయానికి పడిన డబ్బు కొన్నిసార్లు ఎక్కువ మేలు చేస్తుంది.

తోటి స్కాలర్ల తోడు ఎంత పని చేస్తుందో అమెరికా బిజినెస్ స్కూళ్లను చూస్తే తెలుస్తుంది. అక్కడ బిజినెస్ ప్రొఫెసర్లలో నల్లజాతీయులు, హిస్పానిక్, ఆదివాసీ వర్గాల వాళ్లు చాలా తక్కువ. వాళ్లను పీహెచ్‌డీ వైపు తేవడానికి 1994లో 'పీహెచ్‌డీ ప్రాజెక్ట్' మొదలైంది. చేర్పించి వదిలేయకుండా అకౌంటింగ్, ఫైనాన్స్, మార్కెటింగ్ లాంటి సబ్జెక్టుల వారీగా స్కాలర్ల సంఘాలు పెట్టింది. ఏ యూనివర్సిటీలో ఒంటరిగా ఉన్నా దేశంలో తన సబ్జెక్టు చదివే తనలాంటి వాళ్లు ఎవరో స్కాలరుకు తెలిసింది. 2025 మార్చిలో అమెరికా విద్యాశాఖ ఆ ప్రాజెక్టుతో కలిసి పనిచేసిన 45 యూనివర్సిటీలపై విచారణ మొదలుపెట్టింది. రాజకీయం ఎలా మారినా ఆ పద్ధతిలోని మేలు మాత్రం తెలుసుకోదగ్గది. సూళ్లూరుపేట, నాయుడుపేట, గూడూరు, నెల్లూరు నుంచి వెళ్లి పీహెచ్‌డీ చేస్తున్న పదిమంది నెలకు ఒకసారి ఫోన్‌లో కలిసి మాట్లాడుకోవడానికి ఏ ప్రభుత్వ అనుమతీ అక్కర్లేదు.

ఇంట్లో వాళ్లు చేయగలిగింది

తల్లిదండ్రులకు ఎకనామెట్రిక్స్ తెలియాల్సిన పని లేదు. 'ఎప్పుడు అయిపోతుంది?' అన్న ప్రశ్న పక్కన పెట్టి 'ఈ నెల ఏం చేశావు, ఎక్కడ ఆగింది?' అని అడిగితే బిడ్డ మాట్లాడతాడు. ఫెలోషిప్ వచ్చిందా లేదా అని మొహమాటం లేకుండా అడగాలి. రాకపోతే తిట్టకుండా వినాలి. చుట్టాల ముందు పక్కింటి పిల్లల జీతాలతో పోల్చకూడదు. స్తోమత ఉన్న బంధువులు, స్థానిక బైతుల్‌మాల్‌లు ఫెలోషిప్ ఆగిన స్కాలరుకు ఆరు నెలల అద్దె సాయం చేయగలిగితే ఒక డాక్టరేట్ నిలబడుతుంది. దానికి జకాత్ వాడొచ్చా లేదా అన్నది ఉలమాను అడిగి తెలుసుకోవచ్చు.

కొన్ని గుర్తులు కనిపిస్తే ఆలస్యం చేయకూడదు. రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోవడం, తిండి మానేయడం, ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి పోవడం, అందరికీ భారమైపోయానని అనడం, ఉన్న వస్తువులు పంచేయడం లాంటివి కనిపిస్తే వెంటనే మాట్లాడాలి. చనిపోవాలన్న ఆలోచన వస్తోందా అని నేరుగా అడగొచ్చు. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. జవాబు అవునైతే ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. తిరుపతి రుయా, నెల్లూరు ప్రభుత్వ ఆస్పత్రుల్లో మానసిక వైద్య విభాగాలు ఉన్నాయి. చెన్నై వైపు ఉన్నవాళ్లకు కీల్పాక్‌లో ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థ ఉంది. బీమా కంపెనీలు శరీర జబ్బులకు ఇచ్చినట్టే మానసిక జబ్బులకూ కవరేజీ ఇవ్వాలని 2017 చట్టం చెబుతోంది.

చదువు మధ్యలో ఆపేయాలనుకునే బిడ్డ కూడా ఓడిపోయినట్టు కాదు. డేటా విశ్లేషణ, బ్యాంకింగ్ పరిశోధన, కన్సల్టింగ్, సామాజిక సంస్థల్లో అధ్యయనాలు లాంటి చోట్ల పీహెచ్‌డీలో నేర్చుకున్నదానికి గిరాకీ ఉంది. 2023 జులై నుంచి అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగానికి నెట్, సెట్ లాంటి పరీక్షలే కనీస అర్హత, పీహెచ్‌డీ ఐచ్ఛికమని యూజీసీ చెప్పింది. దారి ఒక్కటే కాదని ఇంట్లో వాళ్లు ముందుగా నమ్మితే బిడ్డకు ఊపిరి ఆడుతుంది. చాలామంది కొంచెం విరామం తీసుకుని తిరిగి వచ్చి పూర్తి చేస్తారు కూడా.

యూనివర్సిటీలకు ఇప్పుడు కోర్టు మార్గదర్శకాలున్నాయి, యూజీసీ నిబంధనలున్నాయి. బిడ్డను చేర్పించేటప్పుడు హాస్టల్ భోజనం, ఫీజు గురించి అడిగే తల్లిదండ్రులు మరో మూడు ప్రశ్నలు అడగాలి. కౌన్సెలరు ఉన్నారా? ఫెలోషిప్ ఏ తేదీన పడుతుంది? గైడుతో ఇబ్బంది వస్తే ఎవరికి చెప్పాలి? వీటికి ఆఫీసులో సూటిగా జవాబు చెప్పలేని సంస్థ గురించి ఇంకోసారి ఆలోచించుకోవడం మంచిది.

(మానసిక ఇబ్బంది ఉన్నవాళ్లు, వాళ్ల కుటుంబ సభ్యులు కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ హెల్ప్‌లైన్ 14416 కు ఏ సమయంలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులో మాట్లాడేవాళ్లు ఉంటారు.)